అమ్మకి ముక్కలు పడవట

మాది కోటవురట్ల. ఆదివారం అరకిలో మాంసం తెస్తే, మా అందరికీ వడ్డించేసరికి అమ్మకి పులుసే మిగిలేది. "నాకు ముక్కలు పడవురా" అనేది. ఇంజనీరింగ్ అయ్యేదాకా నిజమేననుకున్నా.

మొన్న అమ్మ మొదటిసారి డాలస్ వచ్చింది. పక్కనే అడిసన్‌లో ఉన్న ఫోగో డి షావ్‌కి తీసుకెళ్లా. 1979లో బ్రెజిల్‌లో మొదలైన ఈ హోటల్, 1997లో అమెరికాలో తొలి బ్రాంచ్ తెరిచింది అడిసన్‌లోనే. పేరుకి అర్థం 'నేలమీద మంట' అట. "మన పెరట్లో పొయ్యేగా" అంది అమ్మ.

మనిషికింత అని కట్టేస్తే, ఎంత తిన్నా అదే రేటు. టేబుల్ మీద గుండ్రటి అట్ట ఉంటుంది. పచ్చ వైపు పైకుంటే, ఇనప ఊచలకి గుచ్చి కాల్చిన మాంసం తెచ్చి మన పక్కనే కోసి పెడుతూనే ఉంటారు. ఎర్ర వైపు తిప్పితే ఆగుతారు. బీఫ్, పోర్క్ వద్దని ముందే చెప్పా (వాళ్ల గొప్పంతా బీఫ్‌లోనే, ఏం చేస్తాం). మాకు చికెన్, గొర్రె మాంసం.

అమ్మ వచ్చిన ప్రతి ఊచకీ ప్లేటు జరిపింది. ఎముక చేత్తో పట్టుకుని చీకింది. "ఉప్పు తప్ప ఏటీ ఎయ్యనట్టున్నారు, బాగుందిరా!"

ముక్కలు పడని మనిషి. నాకు ముద్ద దిగలేదు.

ఐదోసారి వచ్చిన కుర్రాణ్ణి చూసి, "ఈ బాబు తిన్నాడో లేదో అడుగు" అంది. అడిగా. డ్యూటీ అయ్యాక తింటానని నవ్వాడు. అమ్మ వెంటనే అట్ట ఎర్ర వైపుకి తిప్పేసింది.

"చాల్లే, ఆడ్ని ఎల్లి తిననీ."