రువీ షెరటన్, మన రిట్జ్

నిన్న రువీలో చాయ్ తాగుతూ షెరటన్ వంక చూశా. మస్కట్‌లో మనవాళ్లకి అదో కొండగుర్తు: "షెరటన్ దగ్గర దిగు, వస్తున్నా." ఏళ్ల తరబడి మూతపడే ఉండేది. ఇక కూల్చేస్తారనుకున్నా. 2016లో మళ్లీ తెరిచారు, పాత బిల్డింగే.

వెంటనే మన హైదరాబాద్ రిట్జ్ గుర్తొచ్చింది. 1915లో నిజామత్ జంగ్ కట్టించుకున్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్, బురుజులతో చిన్న కోటలా ఉంటుంది. తర్వాత హోటలైంది, తొంభైల్లో అదీ మూతపడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మళ్లీ హోటల్ చేద్దామా, ఇంకేదన్నా చేద్దామా అని మాటలే నడిచాయి. గోడలేమో పెచ్చులూడుతూ వచ్చాయి.

నాన్న అక్కడ ఒక్కసారి కాఫీ తాగారట. కెటిల్‌లో తెచ్చారని ఇప్పటికీ చెప్తారు. లోపలి పాత ఫొటోలు ఎవరి దగ్గరన్నా ఉంటే కామెంట్లో పెట్టండి, ఆయనకి చూపిస్తా.