కుంజుం దారిలో ఎనిమిది చక్రాలు

అటల్ సొరంగం దాటి కుడికి తిరగ్గానే హిమాచల్ ముఖం మారిపోతుంది. ఇవతల దేవదారు అడవులు, అవతల బోడి కొండలు. ఎడమకు తిరిగేవాళ్లు సిస్సు, కేలాంగ్ మీదుగా లేహ్ పోతారు. 2020లో సొరంగం తెరిచాక ఆ గుంపు బాగా పెరిగింది. మేం కుడివైపు కోక్సర్, గ్రాంఫూ దారి పట్టాం. అక్కడి నుంచి చంద్రా నది ఒడ్డు వెంబడి బాతాల్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు. దాన్ని రోడ్డు అనడం మర్యాదకే. కొండ మీంచి రాలిన బండలు, వాగులు తెచ్చి పోసిన గులక, వాటి మధ్య సరిహద్దు రోడ్ల సంస్థ బీఆర్‌ఓ వాళ్లు ఏటా మంచు కరిగాక మళ్లీ వెతికి పట్టుకునే దారి, అంతే.

బండ్లు రెండు. నాది పెట్రోలు జిమ్నీ. వెనకాల మా బావది పాత డీజిల్ డస్టర్, ఏడబ్ల్యూడీ రకం. పాడేరు, అరకు ఘాట్లలో తిప్పిన బండి. దాన్ని విశాఖ నుంచి ఇంతదూరం నడుపుకొచ్చింది సగం యాత్ర కోసం, సగం పంతం కోసం.

"రెండూ ఫోర్‌వీల్ డ్రైవే కదరా, నీదానికేమన్నా కొమ్ములున్నాయా?" అన్నాడు కోక్సర్ దగ్గర టీ తాగుతూ.

"కొమ్ముల్లేవు బావా, ఇంకో లివరుంది."

గేరు రాడ్డు పక్కన పొట్టిగా ఉండే ఆ లివరుకి మూడు స్థానాలు. 2హెచ్‌లో వెనక చక్రాలే లాగుతాయి. 4హెచ్‌లో ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకదానికొకటి బిగుసుకుపోయి రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. 4ఎల్‌లోనూ అదే బిగింపు, కాకపోతే గేర్లన్నీ ఇంచుమించు రెండింతలు బరువవుతాయి. వేగం సగానికి పడిపోయి లాగుడు రెట్టింపవుతుంది. బావ బండిలో లివరు లేదు, గుండ్రటి మీట ఉంది. 2డబ్ల్యూడీ అంటే ముందు చక్రాలు మాత్రమే. ఆటో అంటే మామూలుగా ముందువే లాగుతాయి, అవి జారితే వెనక ఇరుసుకు ముందున్న విద్యుదయస్కాంత క్లచ్ పట్టుకుని కొంత శక్తిని వెనక్కి పంపుతుంది. లాక్ అంటే ఆ క్లచ్‌ని ముందే బిగించి ఉంచడం. 4ఎల్ లాంటిది దానికి లేదు. ఆ లోటు పూడ్చడానికి మొదటి గేరునే బాగా పొట్టిగా ఇచ్చారు.

ఈ తేడాలన్నీ కాగితం మీద ఎన్నిసార్లు చదివినా నాకు తలకెక్కలేదు. చత్రు దాటాక తగిలిన నాలా దగ్గర ఎక్కాయి.

ఇక్కడి నాలాల తీరు వేరు. రాత్రి చలికి పైన హిమానీనదం బిగుసుకుంటుంది కాబట్టి పొద్దున్నే నీళ్లు తక్కువ. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి, మధ్యాహ్నానికి అదే నాలా ఒళ్లు విరుచుకుంటుంది. అందుకే అందరూ తెల్లవారుజామునే బయల్దేరతారు. మేమూ బయల్దేరాం. కానీ మా ముందు ఢిల్లీ నంబరు చిన్న కారొకటి నాలా మధ్యలో నిలిచిపోయి దారి మూసేసింది. ముందు చక్రం ఒకటి గులకలో గుంట తవ్వుకుంటూ ఉత్తినే తిరుగుతోంది. రెండోది కదలడం లేదు.

ఆ కదలని చక్రంలోనే అసలు సంగతంతా ఉంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి ప్రతి ఇరుసు మీదా డిఫరెన్షియల్ పెడతారు. అది రెండు పక్కలకూ వేర్వేరు వేగాలు ఇవ్వగలదు గానీ వేర్వేరు బలం ఇవ్వలేదు. కావడి లెక్క దానిది: ఒక కుండ ఖాళీ అయితే రెండో కుండనూ మోయలేదు. జారే చక్రం ఎంత కొంచెం బలం తీసుకుంటే, గట్టి నేల మీదున్న చక్రానికీ అంతే అందుతుంది. డ్రైవరు కంగారుపడి ఎక్సలేటర్ తొక్కేకొద్దీ జారే చక్రమే గిరగిరా తిరుగుతుంది. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో ఇదే చిక్కు రెండు ఇరుసుల మీదా ఉంటుంది. మూలకు మూలగా ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం పట్టు కోల్పోతే నాలుగు చక్రాల బండి కూడా నిలబడిపోగలదు. షోరూముల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

కారుని నలుగురం నెట్టి ఒడ్డుకు చేర్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది, నీళ్లు మోకాలు దాటాయి.

బావ ముందు దిగుతానన్నాడు. మీట ఆటోలో ఉంది. ఒడ్డున నిలబడి చక్రాలే చూస్తున్నాను. నీళ్లలోంచి అవతలి గట్టెక్కే చోట ముందు చక్రాలు రెండూ తడి గుండ్ల మీద జారాయి. గులక ఎగిరి మడ్‌ఫ్లాపులకు టపటపా కొట్టింది. వెనక చక్రాలు కదల్లేదు. రెప్పపాటు అయ్యాక వెనక నుంచి ఎవరో తోసినట్టు బండి ముందుకు ఊగింది. మళ్లీ ముందువి జారాయి, మళ్లీ వెనకవి తోశాయి. ఆటో అంటే ఇదే. జారడం జరగాలి, సెన్సర్లు అది పసిగట్టాలి, అప్పుడు క్లచ్ బిగుసుకోవాలి. తడి తారు మీద ఆ ఆలస్యం మనకు తెలియనే తెలియదు. గులక గట్టు మీద మాత్రం ఆ రెప్పపాటులోనే చక్రం తన గుంట తాను తవ్వుకుంటుంది. డస్టర్ బెత్తెడు దిగబడి ఆగింది.

"బావా, కొంచెం వెనక్కి రా. లాక్‌లో పెట్టి మళ్లీ రా!" అని అరిచాను. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి "ఆ ముక్క పొద్దుట్నుంచీ నేనూ చెప్తున్నా!" అంది.

ఈసారి నాలుగు చక్రాలూ ఒక్కసారే కదిలాయి. జారడం కోసం ఎదురుచూపులు లేవు. మొదటి గేరులో, పెద్దగా ఎక్సలేటర్ ఇవ్వకుండానే గట్టెక్కేసింది. బండీ అదే, నేలా అదే. తేడా అంతా క్లచ్ ముందు బిగుసుకుందా, తర్వాత బిగుసుకుందా అన్నదే.

తర్వాత నా వంతు. నీళ్లలోకి దిగకముందే బండి ఆపి, క్లచ్ తొక్కి, లివరు అదిమి 4ఎల్‌లోకి లాగాను. 2హెచ్ నుంచి 4హెచ్‌కి నడుస్తుండగానే మార్చుకోవచ్చు గానీ 4ఎల్‌కి ఆగి తీరాలి. నాలా నడుమ ఆ పని పెట్టుకోకూడదు. బావ తవ్విన గుంట తప్పించాలని కాస్త పక్కగా పోనిచ్చాను. అక్కడ పెద్ద గుండు ఒకటి ఎడమ ముందు చక్రాన్ని పైకెత్తింది, ఎడమ వెనకది తేలిపోయింది. ముందు కుడి చక్రం గుంటలోకి వేలాడింది. మూలకు మూల రెండు చక్రాలు తేలిక. రెండూ ఊరికే తిరిగాయి, బండి ఆగింది.

ఇక్కడ చాలామంది ఎక్సలేటర్ వదిలేస్తారు. వదలకూడదు, అలాగని గట్టిగా తొక్కనూ కూడదు. 4ఎల్‌లో బండి జారకుండా ఇంజనును అదుపు చేసే ఈఎస్‌పీ తనంతట తానే తప్పుకుంటుంది, ఇంజను గొంతు నొక్కదు. తిరుగుతున్న చక్రాన్ని పట్టుకునే బ్రేకు మాత్రం పనిలోనే ఉంటుంది. కాళ్ల కింద కటకటమని చప్పుడు మొదలైంది. జారే రెండు చక్రాలనూ బ్రేకు ఆపి ఆపి వదులుతోంది. బ్రేకు పట్టడంతో వాటికీ కొంత బరువు తగిలినట్టయింది, ఆ మేరకు బలం నేల మీదున్న రెండు చక్రాలకు మళ్లింది. పాదం కదపకుండా ఓపిక పట్టాను. బండి ఒక్క కుదుపుతో గుండు దిగి నడిచింది.

మా వెనకే కాజా వెళ్లే టెంపో ట్రావెలరొకటి వచ్చింది. దానికున్నవి వెనక చక్రాల లాగుడు, అరిగిన టైర్లు, అంతే. దాని డ్రైవరు దిగి, నీళ్ల రంగు చూసి, రెండు రాళ్లు కాలితో జరిపి, ఎగువనున్న గులక వరస మీదుగా ఒకే ఊపున దాటేశాడు. అతను చూసి ఎంచుకున్న గీత మా రెండు బండ్ల సాంకేతికత కంటే మెరుగ్గా పనిచేసిందని ఒప్పుకోవాలి. బావ అతని వంకే చూస్తుండిపోయాడు.

బాతాల్ డాబాలో రాజ్మా చావల్ తిని కుంజుం ఎక్కాం. కనుమ ఎత్తు 4,500 మీటర్ల పైమాటే. గాలి పలుచబడి టర్బో లేని నా ఇంజను బలంలో మూడో వంతుకు పైగా హరించుకుపోయింది. పట్టుకి ఏ కొరతా లేని హెయిర్‌పిన్‌లలోనూ నేను 4ఎల్ వాడాను, పట్టు కోసం కాదు, గేరు కోసం. బావ డీజిల్ టర్బో పుణ్యమా అని హాయిగా ఎక్కేసి పైన నాకోసం ఎదురుచూశాడు. టైర్లదీ ఇదే గోల. మనాలీలో నింపిన గాలి ఇక్కడ మీటరు మీద ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే బయటి ఒత్తిడి తగ్గిపోయింది. గట్టిపడ్డ టైరు గులకను తక్కువ పట్టుకుంటుంది. కొంత గాలి వదిలితే మేలు. దిగాక మళ్లీ కొట్టుకోవడానికి పంపు ఉంటేనే.

కనుమ మీద కుంజుం మాత గుడి ఉంది. వచ్చే బండ్లు దాని చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్లడం ఇక్కడి ఆనవాయితీ. మేమూ చేశాం. ఇటు కురిసిన వాన చంద్రాలో కలిసి చినాబ్‌కి పోతుంది, అటు కురిసింది స్పితి మీదుగా సట్లెజ్‌కి.

లోసర్ దగ్గర తారు మళ్లీ తగిలింది. 4ఎల్ నుంచి 4హెచ్‌కి ఎప్పుడో వచ్చాను గానీ ఊళ్లో ఇరుకు మలుపు తిప్పేటప్పుడు స్టీరింగు మొండికేసింది, టైర్లు గెంతాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ తిరగాలి. 4హెచ్‌లో షాఫ్టులు రెండూ బిగుసుకుని ఉంటాయి, గులకైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, తారు సర్దుకోనివ్వదు. లివరు బిర్రబిగుసుకుని కదల్లేదు. బండిని కొద్దిగా వెనక్కి పోనిస్తే మెలి వదిలి 2హెచ్‌లోకి పడింది.

బావ ఆటోలోనే నెమ్మదిగా పక్కనుంచి దాటుతూ కిటికీ దించాడు.

"అయితే నా బండి అమ్మేసి నీలాంటిది కొనమంటావా?"

"వద్దు బావా. పాడేరు ఘాట్‌లో వానాకాలం సగం రోడ్డు తడి, సగం పొడి. అక్కడ నేను ఈ లివరు వేయలేను. నీ ఆటో ఏడాది పొడుగునా అలాగే ఉంచుకోవచ్చు."

"మరి ఇక్కడికి?"

"ఇక్కడికి ఆ టెంపో డ్రైవర్ని పెట్టుకుందాం."