అమ్మ జపమాల

మా తల్లి రోమను కతోలిక సంఘములో పుట్టి, ఆ సంఘములోనే ప్రభువునందు నిద్రించినది. ఆమె బాల్యమున పూజ లత్తీను భాషలో జరిగెడిది. 1963లో రెండవ వాటికన్ మహాసభ దేశభాషలకు అనుమతి నిచ్చిన పిమ్మటనే పూజ తెలుగులో వినబడెను. అర్థము తెలియని దినములలోను ఆమె మోకరించుట మానలేదు. "నాకు తెలియకపోతే నేమిరా, ఆయనకు తెలుసు గదా!" అనెడిది.

జపమాలలో పదేసి పూసల వరుసలు అయిదు. మేమును అయిదుగురము. పొద్దు గూకిన వెనుక, పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగా, ఒక్కొక్క వరుసను ఒక్కొక్క బిడ్డ పేర జపించెడిది. పిమ్మట అందరికిని వడ్డించి, మిగిలినది తాను తినెడిది.

నేను వేరొక సంఘములో కాపరినైనప్పుడు, "నీ కొడుకు చేయిజారిపోయినాడమ్మా" అని చుట్టములు అనిరి. అమ్మ వారితో వాదింపలేదు, నాతోను వాదింపలేదు; నా వరుసను మాత్రము విడువలేదు. ఇంటికి వెళ్లిన రాత్రులలో గోడ అవతల ఆ పూసల చప్పుడు వినుచుంటిని. ప్రార్థనను గూర్చి సెమినరీలో ఎన్నో గ్రంథములు చదివితిని. విసుగక ప్రార్థించుట ఎట్టిదో ఆ చప్పుడు వలన నేర్చితిని.

తిమోతి విశ్వాసమును తలచినప్పుడు పౌలు అతని అవ్వను, తల్లిని కూడ తలచెను. తల్లులారా, బిడ్డ దూరమైనాడని ప్రార్థన మానకుడి. కుమారులారా, మీ పేరును అనుదినము దేవుని సన్నిధికి చేర్చిన తల్లిని మరువకుడి.