గురి ఎంత దూరంలో?

వ్యాపారం నేర్పడమే వ్యాపారంగా పెట్టుకొనే యువ దంపతులకు రెండు పరీక్షలు ఒకేసారి ఎదురవుతాయి. విద్యార్థికి ధైర్యం నూరిపోయాలి. అదే ధైర్యంతో తమ ఇంటి ఖర్చులూ వెళ్లదీసుకోవాలి. అటువంటి జంట నగరాన్ని వదలి, బస్తర్ దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న తర్లగూడలో బడి తెరిచిందనుకుందాం. మొదటి పాఠం ఏమిటి?

అక్కడ పాఠ్యపుస్తకం అడవిలోనే ఉంది. తునికాకు యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో బస్తా ధరను 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. అంటే కట్టకు ఐదున్నర రూపాయలు, ఆకుకు పదకొండు పైసలు. ఈ లెక్క కట్టగలిగిన పిల్లవానికి సైతం ఒక సంగతి ఎవరూ చెప్పరు: ధర చెప్పేవాడు ఒకడు, విని ఊరుకొనేవాడు మరొకడు. రెండవ స్థానం నుంచి మొదటి స్థానానికి నడవడమే వ్యాపార దక్షత.

ఆ నడక నేర్పితే వచ్చేదేనా, పుట్టుకతో రావలసినదా? ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన ప్రయోగం తెలుగు నేలమీదనే జరిగింది. అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెల్లాండ్ 1960ల మధ్యకాలంలో కాకినాడకు చెందిన 52 మంది చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని చిన్నపరిశ్రమల శిక్షణ సంస్థలో కొద్ది రోజుల శిక్షణ ఇప్పించాడు. రాజమండ్రిని పోలికకు ఎంచుకొన్నాడు. శిక్షణ పొందినవారిలో కొత్త పనులకు పూనుకొన్నవారు, పెట్టుబడి పెంచినవారు స్పష్టంగా ఎక్కువయ్యారు. పాత ఆచారాలను పాటించడం వారికి అడ్డు కాలేదు.

మెక్లెల్లాండ్ పరిశోధనల్లో ప్రసిద్ధమైన ఆట ఒకటుంది. నిలువు కొయ్యకు రింగు వేయాలి. ఎంత దూరం నుంచి అన్నది ఆడేవారి ఇష్టం. కొందరు దగ్గరగా నిలిచి సులభంగా వేస్తారు. కొందరు మరీ దూరం నిలిచి అదృష్టాన్ని నమ్ముకొంటారు. సాధించాలన్న తపన గలవారు మాత్రం తప్పడానికీ తగలడానికీ సమానావకాశం ఉన్న దూరాన్ని ఎంచుకొంటారు.

ఢిల్లీ ప్రభుత్వం 2021లో తన పాఠశాలల విద్యార్థులకు తలా 2,000 రూపాయల చొప్పున మూలధనం ఇచ్చి వ్యాపారం చేయమన్నది. నగరంలో అది చిన్న మొత్తం కావచ్చు. తర్లగూడ ఇంట అది మూడువందల అరవైకి పైగా తునికాకు కట్టలు. మండుటెండలో కోసిన పద్దెనిమిది వేల ఆకులు. అంత సొమ్ము పోగొట్టుకొని వచ్చిన బిడ్డను చూసి తల్లి 'అనుభవం వచ్చిందిలే' అనగలదా?

అందుకే ఆ దంపతులకు అసలు పరీక్ష ఇక్కడే. తల్లిదండ్రుల చేత ఫీజు కట్టించి, నష్టాన్ని కూడా వారి నెత్తినే వేస్తే అది ఆశను అమ్మడమే అవుతుంది. విద్యార్థి తొలి నష్టాన్ని గురువులు భరించాలి. తాము భరించగలిగినంత చిన్నదిగా ఆ తొలి పందెాన్ని కుదించాలి. ఇప్పపువ్వును పచ్చిగా అమ్మేయక, ఆరబెట్టి, శుభ్రపరచి, నాలుగు చోట్ల ధర విచారించి అమ్మడం అటువంటి పందెం. ఓడితే ఒక బుట్ట పోతుంది. గెలిస్తే ధర అడిగే అలవాటు మిగులుతుంది.

రింగు వేసే దూరాన్ని ముందుగా గురువులు తమకు తాము కొలుచుకోవాలి. తరువాతనే శిష్యుని చేతికి రింగు ఇవ్వాలి.