పుట్టింటి పిట్టలు

"వదినా, పెంగ్విన్ ఏం తింటాదో తెలుసునా?" పొద్దున్నే గోడ మీద మోచేతులానించి అడిగింది పక్కింటామె. వాళ్ల బుడ్డోడు రాత్రి ఫోన్లో చూసి ఆమె ప్రాణం తీసినాడంట.

"చేపలు గదా," అన్నా, బట్టలారేస్తా.

"అన్నీ ఒకటి తినవంట. అడెలీ అనేదానికి క్రిల్ అని రొయ్యపిల్ల లాంటిది కావాల. అది తిని తిని రెట్ట గూడా గులాబీ రంగేనంట! జెంటూ పెంగ్విన్ అయితే ఏ దీవిలో గూడు పెడితే ఆ దీవి తిండి. ఒకచోట క్రిల్లు, ఇంకోచోట చేప."

"నా మాదిరే. నందికొట్కూరులో ఉన్నన్నాళ్లూ జొన్నరొట్టె, మీ కడపకొచ్చినాక సంగటి."

ఆమె నవ్వింది. నేనూరుకుంటానా, మా పుట్టింటి పిట్టను బయటికి తీసినా. మా ఊరికి దగ్గరే రోళ్లపాడు. బట్టమేక పిట్ట కోసమనే 1988లో అక్కడ అభయారణ్యం పెట్టినారు. మీటరు ఎత్తు పిట్ట. వానలప్పుడు గడ్డిలో మిడతలు, పురుగులు ఏరుకుంటాది, తొండ దొరికినా వదలదు. రేగుపండ్లు తింటాది. కోతలప్పుడు జొన్నలు, బుడ్డలు.

"బుడ్డలేంది, శెనిక్కాయలనలేవా?"

"మా పక్క పిట్ట మ్మే. బుడ్డలే తింటాది."

ఆమెది సిద్ధవటం పక్క. రోషమొచ్చింది. "మీది ఏది పడితే అది మింగుతాది. మా కలివి కోడి అట్ల కాదు."

దాని కథే వేరు. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇంక లేదనుకున్న పిట్ట. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊర్లల్లో బొమ్మ చూపించి అడిగినారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒకాయన రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకొచ్చినాడు. తర్వాత పాపం అది చచ్చిపోయింది. అయినా జాతి బతికుందని తేలిపోయింది గదా. అక్కడి లంకమల అడవి అట్ల అభయారణ్యమైంది.

"పగలంతా కంపల్లో దాక్కొని రాత్రి తిరిగే పిట్ట, ఏం తింటాదో ఎట్ల తెలిసింది?" అన్నా.

"ఎట్లేముంది, రెట్ట చూసినారు. చెదలు, చీమలు బయటపడినాయి."

అక్కడా ఇక్కడా రెట్టే సాక్ష్యం!

ఆ పిట్టకి కంప మరీ దట్టంగా ఉండగూడదు, నడుమ నడుమ నేల కనబడాల. అందుకే తెలుగుగంగ కాలువ ఆ పక్కకి వస్తే గొడవైంది, దారి మార్చినారు. మనకేమో నీళ్లు కావాల, దానికేమో ఆ ఎండిన నేలే కావాల. ఎవురి పక్క మాట్లాడాల్నో నాకిప్పటికీ తెలీదు.

"మీ బట్టమేక కనబడతాందా?"

"మా అన్న రోళ్లపాడు పోయినప్పుడల్లా జింకల్ని చూసొస్తాడు."

ఆమె లోపలికి తిరిగి కేకేసింది: "రేయ్, సంగటి చల్లారిపోతాంది!" మళ్లా నాతో, "ముద్ద ముట్టడు వదినా. నూడుల్సే కావాలంట."

"వాడు ఏ దీవిలో గూడు పెట్టినాడో కనుక్కో మ్మే," అన్నా.