ప్రెస్టన్ పట్టణంలో ఒక రోజు

మాంచెస్టరు నుండి ప్రెస్టన్‌కు రైలులో ముప్పావు గంట ప్రయాణం. ఇంగ్లాండు వచ్చే మనవాళ్లు లండన్ చూస్తారు, ఓపిక ఉంటే స్కాట్లండు కొండలు చూస్తారు. ఈ నూలుమిల్లుల ఊరికి పనిగట్టుకొని వచ్చేవారు అరుదు. మా అమ్మాయి ఇంటికి చేరిన రెండవ వారంలోనే మేము ప్రెస్టన్ వెళ్లాలని అడిగితే అందరూ ఆశ్చర్యపోయారు. మద్యమును బొత్తిగా ముట్టనివారిని ఇంగ్లీషువారు 'టీటోటలర్' అంటారు గదా, ఆ మాట పుట్టిన ఊరు ఇదే. అమ్మాయికి సెలవు దొరకలేదు. అల్లుడుగారు మాకు తోడు వచ్చారు.

స్టేషను దాటగానే దూరాన ఒక గోపురం కనబడుతుంది. అది సెయింట్ వాల్బర్గ్ దేవాలయము. ఎత్తు 309 అడుగులు. ఇంగ్లాండులోని పారిష్ దేవాలయాలన్నిటిలో ఇంత ఎత్తయిన శిఖరం మరి దేనికీ లేదట. ప్రెస్టన్ అనే పేరులోనే 'పాదిరుల ఊరు' అనే అర్థం ఉన్నది. 2002లో దీనికి నగర హోదా వచ్చింది గాని, తిరిగి చూస్తే పెద్ద పట్టణం లాగే అనిపిస్తుంది. రిబుల్ నది ఒడ్డున ఎవెన్‌హామ్ ఉద్యానవనం బహు చక్కగా ఉంది. మేము మాత్రం పువ్వులు చూడడానికి రాలేదు.

జోసఫ్ లివ్‌సీ అనే ఆయన 1794లో ఈ ఊరికి ఆనుకొని ఉన్న వాల్టన్-లీ-డేల్‌లో పుట్టాడు. ఏడేండ్ల వయసులో తల్లినీ తండ్రినీ క్షయవ్యాధి తీసికొనిపోయింది. తాతగారి ఇంటి నేలమాళిగలో మగ్గం నేస్తూ పెరిగాడు. చీరాల, మంగళగిరి ప్రాంతాల పాఠకులకు మగ్గం గుంటలోని చెమ్మ సంగతి మేము చెప్పనక్కరలేదు. ఈ పిల్లవాడు ఆ చెమ్మలోనే మగ్గం మీద పుస్తకం ఆనించుకొని చదువుకొన్నాడు. 1816లో జబ్బుపడితే వైద్యుడు జున్ను తినమన్నాడు. కొద్దిగా కొనేకన్నా మొత్తం ఒకేసారి కొంటే చవక అని గ్రహించి, మిగిలినది ఇరుగుపొరుగుకు అమ్మాడు. అక్కడ మొదలైన జున్ను వ్యాపారం ఆయనను నలుగురికి పెట్టగలవానిగా చేసింది. పదముగ్గురు బిడ్డలు.

ఈయన తాగుబోతు కాడు. అందరివలె మితముగా పుచ్చుకొనేవాడు. 1831లో ఒక వ్యాపారి ఇంట ఒక గ్లాసు విస్కీ తీసికొన్నాడు. అది తనకెందుకో సరిపడలేదనిపించింది. ఇకమీదట ముట్టకూడదని తీర్మానించుకొన్నాడు. ముఖ్యంగా తన కుమారులను తలంచుకొనే ఆ తీర్మానం చేసినట్లు ఆయనే తరువాత చెప్పాడు. పతనం లేదు, ఆసుపత్రి లేదు, కన్నీళ్లతో మారుమనస్సు పొందిన కథా లేదు. సాక్ష్యము చెప్పేవారు మామూలుగా ఇటువంటి చిన్న సంగతిని సాక్ష్యమనే అనుకోరు.

ఆ రోజులలో ఇంగ్లాండు పరిస్థితి వేరు. 1830లో వచ్చిన ఒక చట్టం ప్రకారం పన్ను కట్టే ఏ గృహస్థుడైనా కొద్దిపాటి రుసుముతో ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు. వీధివీధినా బీరు దుకాణాలు వెలిశాయి. సంస్కర్తల సంఘాలు అప్పటికే ఉన్నాయి గాని, అవి విస్కీ, జిన్ను వంటి ఘాటు సారాలను మానమనేవి, బీరు మితంగా తాగవచ్చుననేవి. 1832 మార్చిలో ప్రెస్టన్‌లో పుట్టిన సంఘమూ అటువంటిదే. తీరా చూస్తే ఊరిలో కూలివాండ్ర జీతం హరించేది విస్కీ కాదు, బీరే. ఆగస్టు 23న లివ్‌సీ, జాన్ కింగ్ అనే మరొకాయన, ఇద్దరూ అన్ని మత్తుపానీయములనూ వర్జిస్తామని లివ్‌సీ దుకాణంలో సంతకాలు చేశారు. సెప్టెంబరు 1, శనివారం నాడు ఏడుగురు చేశారు. ఆ ప్రతిజ్ఞలో వైద్యుడు మందుగా ఇచ్చినదానికి మినహాయింపు ఉన్నది. మొండితనం లేదన్నమాట.

ఇక్కడే మా అల్లుడుగారు ఆగారు. "మామయ్యగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. నేను శుక్రవారం ఆఫీసు వాళ్లతో ఒక బీరు తాగుతాను. రెండోది ఎప్పుడూ ముట్టలేదు. మీ అమ్మాయికీ తెలుసు. ఇందులో తప్పేముంది?"

మా అల్లుడుగారు నెమ్మదిగలవారు, అడిగినది కూడా నిజాయితీగానే. పాపమని గద్దించి నోరు మూయించవచ్చు గాని అది సత్యము కాదు. కానా వివాహములో ప్రభువు నీళ్లను ద్రాక్షారసము చేసెను. తిమోతికి కడుపు జబ్బుకని కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని పౌలే వ్రాసెను. ఆ సంగతి ఒప్పుకొని, ఆయన చేయి పట్టుకొని, చూడవలసిన తావుకు నడిపించాము.

పెద్ద దేవాలయము వెనుక, స్టోనీగేట్ వీధి పక్కన, పూర్వం కోడిపందెముల శాల ఉండేదట. ఇప్పుడు దాని ఆనవాలు లేదు. పందెములు పోయిన తరువాత మద్యవర్జన సభలు అందులోనే జరిగాయి. 1833 సెప్టెంబరులో డికీ టర్నర్ అనే కూలి లేచి, కొంచెం కొంచెం మానడం తనవల్ల కాదనీ, పూర్తిగా మానడమే కావాలనీ చెప్పబోయి 'టీ-టీ-టోటల్' అన్నాడు. నత్తి అని కొందరు, నొక్కి పలికే లాంకషైర్ యాస అని కొందరు అంటారు. మనం తాగే టీకీ దానికీ సంబంధం లేదు. ఈ టర్నర్ నిజమైన తాగుబోతు. 1832లో సగం మత్తులో సభకు వచ్చి సంతకం చేసినవాడు. 1846లో చనిపోయేవరకు నిలిచాడు. సెయింట్ పీటర్ దేవాలయపు ఆవరణంలో ఆయన సమాధిరాయి మీద ఆ మాటను పుట్టించినవాడని చెక్కారు.

లివ్‌సీకి మానవలసిన అగత్యం లేదు. టర్నర్‌కు మానకపోతే బ్రతుకు లేదు. టర్నర్‌ను మానమని చెప్పి, లివ్‌సీ ఇంటికి పోయి తన గ్లాసు తాను తాగితే టర్నర్ ఎన్ని దినములు నిలుస్తాడు? ఆ తొలి సంవత్సరాలలో వీరు క్లాత్ హాలులో పెద్ద పెద్ద టీ విందులు పెట్టారు. తాగుడు మానినవారే తెల్లని ఏప్రన్లు కట్టుకొని వడ్డించేవారు. ఎన్నడూ తాగుడుకు బానిసలు కానివారు ఆ బల్లల దగ్గర కూర్చొని వారి చేతి టీ తాగారు. రోమా పత్రిక 14వ అధ్యాయములో పౌలు వ్రాసినది ఇదే గదా అని మాకు తోచింది. తనకు స్వేచ్ఛ ఉన్నా, తడబడే సహోదరుని కొరకు విడిచిపెట్టడం.

లివ్‌సీ ఉపన్యాసం గురించి కూడా చెప్పాలి. బీరు బలమిస్తుందని ఆనాటి కూలీలు నమ్మేవారు, వైద్యులూ అనేవారు. ఆయన జనం ఎదుట బీరును మరిగించి, అందులోని సారాను వేరుచేసి, దానికి నిప్పంటించి చూపేవాడు. మిగిలిన ఆహారపదార్థం ఎంత తక్కువో చూపి, ఆ డబ్బుతో ఎంత రొట్టె వచ్చేదో లెక్క చెప్పేవాడు. ఈనాడు లెక్క ఇంకా ముందుకు పోయింది. 1988లోనే మద్యమును క్యాన్సరు కలిగించే పదార్థాలలో చేర్చారు. ఇంత తాగితే ఆరోగ్యానికి హాని లేదనదగిన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. ఒక బీరుతో మా అల్లుడుగారికి ఏదో అయిపోతుందని మేము అనలేదు. అలా అనడం భయపెట్టడమే.

మన రాష్ట్రంలో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాలను మూయించారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. చట్టం వస్తుంది, పోతుంది. ప్రెస్టన్‌లో ఆ ఏడుగురి వెనుక ఏ చట్టమూ లేదు.

తిరుగు ప్రయాణంలో ఒక వింత సంగతి చెప్పుకొన్నాము. థామస్ కుక్ పేరుమీద నడిచిన యాత్రల వ్యాపారం మద్యవర్జన సభతోనే మొదలైంది. 1841 జూలై 5న ఆయన సుమారు 500 మందిని తలకు ఒక షిల్లింగు చొప్పున లెస్టరు నుండి లాఫ్‌బరోకు రైలులో సభకు తీసికొని వెళ్లాడు. ఈ మాటకు అల్లుడుగారు నవ్వారు గాని, తరువాత చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

గుంటూరులో ఆయన తమ్ముడు రెండుసార్లు తాగుడు మాన్పించే ఆసుపత్రిలో ఉండి, ఈ వేసవిలోనే ఇంటికి వచ్చాడు. క్రిస్మసుకు అల్లుడుగారు ఇంటికి వెళతారు. ప్రతి ఏడూ విమానాశ్రయంలో స్నేహితులకని ఒక సీసా కొనడం ఆనవాయితీ. సీసా సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ అడగలేదు.

మాంచెస్టరులో దిగి, ప్లాట్‌ఫారం మీద టీ కొనుక్కొని నిలబడినప్పుడు ఆయన తమ్ముడికి ఫోను చేశారు. గుంటూరులో అప్పటికి రాత్రి పది దాటింది. "ఏం లేదురా, ఊరికే చేశాను. అత్తయ్యగారూ మామయ్యగారూ నేనూ టీ తాగుతున్నాం. నువ్వు భోంచేశావా?" అన్నారు.