మామిడి పక్కన చిలుక

లెక్కల విద్యార్థి ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి వెళ్లి ఏం చేస్తాడని మిత్రులు వేళాకోళం చేశారు. నిజమేననుకున్నాను నేనూ. కర్నూలు జిల్లా కోసిగి దగ్గర ఒక పల్లెలో 7 రోజుల శిబిరం. పగలు ముళ్లకంప కొట్టడం, సాయంత్రం పిల్లలకు చదువు చెప్పడం. రెండో దినం నా వంతు వచ్చింది.

ఎక్కాలు అడిగితే అందరూ గొంతు చించుకున్నారు, వెనక కూర్చున్న ఒక పాప తప్ప. పదేళ్లుంటాయి. ఆరో ఎక్కం "ఆర్రెళ్ల పన్నెండు" దాకా వచ్చి ఆగిపోయింది. "అది బళ్లో చెప్పినప్పుడు మేము సుగ్గికి పోయింటిమి సార్" అంది. ఆదోని వైపు వాళ్లకు సుగ్గి అంటే చెప్పనక్కర్లేదు. వానలు మోసం చేస్తే ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు పత్తి, మిరప చేలల్లో కూలికి పోవడం.

ఎక్కాలు పక్కన పెట్టి బోర్డు మీద బొమ్మలు గీశాను. మామిడికాయ, దాని పక్కన చిలుక: రెండంకెల సంఖ్య. దాన్ని 6తో గుణిస్తే మూడు చిలుకలు వరసగా రావాలి. ఒక్కో బొమ్మ ఒక్కో అంకె. (నా చిలుకను చూసి కాకి అన్నారు. అది వేరే సంగతి.)

ఎక్కాలు అరిచిన వాళ్లంతా గప్‌చిప్. ఆ పాప మాత్రం నేల మీద గీతలు గీస్తూ కూర్చుంది. ఆరు చిలుకలు కలిపితే చివర మళ్లీ చిలుకే రావాలంటే 2, 4, 6, 8 తప్ప కుదరవని పట్టింది. 4 అయితే 24. 4 వేసి 2 చేతికి. ముందు 44 రావాలి, చేతిలో 2 పోతే 42, అంటే ఆరు మామిళ్లు. "మామిడి ఏడు సార్!" అంది. మిగతా అంకెలూ చూసి కుదరవని తేల్చింది. 74 ఆర్లు 444.

"ఆరో ఎక్కం రాదంటివే?"

"ఎక్కం రాదు సార్. మూడు దినాల కూలి కట్టి రెండింతలు చేస్తే ఆరు దినాలది వస్తాది గదా!"

ఎమ్మెస్సీ చదువుతున్న నేను నోరు మూసుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర మా లెక్చరర్‌గారికి చెప్పాను. బొమ్మల లెక్క కొత్తదేం కాదన్నారాయన. విజయనగర శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటలతో చెప్పేవారు: చంద్రుడు 1, కన్నులు 2, అగ్నులు 3, సముద్రాలు 4, బాణాలు 5, కొండలు 7, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చదవాలి. ఆ లెక్కన మా 74 "సాగర గిరి". కానీ నాకొక సందేహం. అక్కడ కొండ అంటే 7 అని అందరికీ ముందే తెలుసు. మా చిలుక అట్లా కాదు, దాన్ని పట్టుకోవాలి. దానికి దగ్గరి చుట్టం 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడి బీజగణితం. తెలియని రాశులకు ఆయన కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు వాడాడు. నల్లది, నీలిది, పచ్చది. ఎక్స్, వై అని భయపెట్టే బదులు ఇదే నయమనిపించింది.

ఐదో దినం పొద్దున బడి గోడ మీద బొగ్గుతో ఒక లెక్క కనిపించింది. మిరపకాయ పక్కన గంప, ఇంటూ 3. జవాబు మూడు గుడిసెలు. ఎవరు వేశారో అడగాల్సిన పని లేదు.

చేశాను. 37 మూళ్లు 111. సరిపోయింది. మళ్లీ చూస్తే 74 మూళ్లు 222, అదీ సరిపోయింది! రెండు జవాబులు. తెలిసే పెట్టిందా, తెలియకనా? ఏ జవాబు అనుకుందో అడుగుదామని వాళ్లింటికి పోతే తలుపుకు తాళం. తెల్లారకముందే లారీ వచ్చిందని పక్కింటి అవ్వ చెప్పింది.

"మళ్లీ ఎప్పుడొస్తారవ్వా?"

"మిరపకాయలు అయినంక, ఉగాదికో ఏమో నాయనా."

మా శిబిరం ఎల్లుండికి ముగిసింది. రెండు జవాబులూ ఆ గోడ మీదే, ఆ పాపకు అందేంత ఎత్తులో రాసి వచ్చాను.